దెబ్బ మాది, ఆపు ఎవరిది?

మొన్న ఒక సభ అయిపోయాక ఒక తమ్ముడు నన్ను నిలేశాడు. యూనివర్సిటీలో చదువుతున్నాడు, విద్యార్థి సంఘంలో తిరుగుతున్నాడు. "అన్నా, నువ్వు మనోడివి. ముప్పై ఏండ్లు కాలేజీల తెలుగు చెప్పినవు. ఉత్పలమాలకు గణాలేంది, చంపకమాలకు గణాలేంది అని పోరగాండ్లతోటి వల్లె వేయించినవు. మనల్ని బడి గడప తొక్కనియ్యనోళ్ల కొలబద్దను తీస్కపోయి మన పిల్లల చేతుల్నే పెట్టినవు. తప్పనిపియ్యలేదా నీకు?"

నాకు కోపం రాలేదు. ఎందుకంటే ఆ ప్రశ్న అతను నన్ను అడగకముందే నలభై ఏండ్ల నుంచి నేను నన్ను అడుగుతున్నాను. ఆ రాత్రి అతనికి సగం జవాబే చెప్పగలిగాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. ఇది అతనికి జవాబు మాత్రమే కాదు, మా నాయినకు నేను పడ్డ బాకీ కూడా.

మాది అప్పటి నల్లగొండ జిల్లాలో ఒక ఊరు. ఊరు అని అలవాటుగా అంటున్నాను. మేం ఊళ్లో లేం, వాడలో ఉన్నాం. ఊరికి తూర్పున మాదిగవాడ. మా నాయిన డప్పు కొట్టేవాడు. చావుకు కొట్టాలి, పెండ్లికి కొట్టాలి, బొడ్రాయి పండుగకు కొట్టాలి, సాటింపు వెయ్యాలి. కల్లం కాడ ఇచ్చే మేర గింజలే దానికి కూలి. అవి కూడా కూలి లెక్కన ఇచ్చేవి కావు, దయ లెక్కన ఇచ్చేవి. ముందు వంగి నిలబడితేనే జోలెలో పడేవి.

1979లో నేను తొమ్మిదో తరగతి. హాస్టల్లో ఉండి చదివేవాణ్ణి. తెలుగు సారు ఆ ఏడు ఛందస్సు మొదలుపెట్టాడు. ఒక చిటికె సేపు పలికేది లఘువు, రెండు చిటికెల సేపు పలికేది గురువు. దీర్ఘముంటే గురువు, సున్న ఉంటే గురువు, పక్కన జంట అక్షరం ఉంటే దాని ముందు అక్షరం గురువు. మూడేసి అక్షరాలకు ఒక గణం. ఆ గణాలు ఎనిమిది. క్లాసులో అందరికీ అది తలనొప్పి. వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటున్నారు. నాకు మాత్రం సారు బోర్డు మీద నిలువు గీతలు, వంకర గీతలు గీస్తుంటే చెవిలో చప్పుడు వినబడేది. వంకర గీత కాడ బరువు దెబ్బ, నిలువు గీత కాడ తేలిక దెబ్బ. బల్ల కింద తొడ మీద కొట్టుకుంటూ కూచునేవాణ్ణి.

శనివారం ఇంటికి పోయి మా నాయిన ముందర ఉత్పలమాల చదివాను. అర్థం కోసం కాదు, చప్పుడు కోసం. భ-ర-న-భ-భ-ర-వ. పాదానికి 20 అక్షరాలు. మా నాయిన చుట్ట కాలుస్తూ విన్నాడు. ఇంకోసారి చదవమన్నాడు. తర్వాత చంపకమాల చదివాను. న-జ-భ-జ-జ-జ-ర. 21 అక్షరాలు. పుస్తకంలో రెండూ వేరు వేరు పద్యాలు, వేరు వేరు గణాలు, వేరు వేరు పేర్లు. మా నాయిన మంచం పట్టె మీద వేళ్లతో కొట్టి చూసి అన్నాడు: "గిది ముందటిదే గదరా. మొదటి పెద్దదెబ్బను ఇరగ్గొట్టి రెండు చిన్నదెబ్బలు జేసిన్రు. కడమదంత గదే."

నేను నమ్మలేదు. దీపం ముందర పలక మీద గురులఘువులు రాసి చూశాను. మా నాయిన చెప్పింది అక్షరాలా నిజం. ఉత్పలమాల మొదటి గురువును తీసి దాని చోట రెండు లఘువులు పెడితే అది చంపకమాల. రెండింటికీ 28 మాత్రలే. గణాల పేర్లు మారడంతో వేరు వేరు జాతుల్లాగా కనబడుతున్నాయి గానీ నడక ఒకటే. శార్దూలానికీ మత్తేభానికీ ఉన్న సంబంధం కూడా ఇదేనని తర్వాత తెలిసింది. అక్షరం ముక్క రాని మనిషి ఒక చుట్ట కాలేలోపల పట్టుకున్న సంగతి అది.

సోమవారం పొద్దున సంబరంగా పోయి సారుకు చెప్పాను. "సార్, మా నాయిన చెప్పిండు" అన్నాను. సారు నవ్వాడు. చెడ్డ మనిషి కాదు, నన్ను కొట్టినవాడు కాదు, పుస్తకాలు కూడా ఇచ్చినవాడు. ఆయన అన్న మాట ఇది: "మీకు రాకపోతే ఎవరికొస్తదిరా? మీ కులవిద్యే గదా. మీ రక్తంలనే ఉంటది." క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికి పోయేటప్పుడు ఏడుపొచ్చింది. ఎందుకో అప్పుడు తెలియలేదు. నన్ను మెచ్చుకున్నాడు గదా, మరి ఎందుకు ఏడుపు?

ఇది మొదటి ప్రశ్న. నా చెవి నాదా, నా కులానిదా?

చాలా ఏండ్లు పట్టింది జవాబు దొరకడానికి. మా నాయినకు దరువు రక్తంలో రాలేదు. ఏడేండ్ల వయసు నుంచి మా తాత కూచోబెట్టి కొట్టించాడు. ఎడమ చేతిలో చిటికెన పుల్ల, కుడి చేతిలో సిర్ర. తప్పితే అదే సిర్రతో మెటికల మీద పడేది. గడ్డిమంట కాడ డప్పు కాపి, తోలు ఎంత బిగిసిందో వేలితో తట్టి చూడడం నేర్పాడు. మంట ఎక్కువైతే తోలు పగులుతుంది, తక్కువైతే పలకదు. చావు దరువు, పెండ్లి దరువు, దేవర దరువు, సాటింపు దరువు దేనికదే. పొలం మధ్యలో నాట్లేస్తున్నవాళ్లు దూరం నుంచి విని ఊళ్లో ఏం జరిగిందో చెప్పేవాళ్లు. ఊరంతా చదవగలిగిన రాత అది. దాన్ని రాసినవాడికి మాత్రం చదువు రానివాడని పేరు. మా తమ్ముడు అదే తల్లి కడుపున, అదే తండ్రికి పుట్టాడు. వాడికి చివరిదాకా దరువు రాలేదు. వాడి రక్తం ఏమైనట్టు?

పంతులు కొడుకు పదేండ్లు కూచుని నేర్చుకుంటే దాన్ని సాధన అన్నారు, పాండిత్యం అన్నారు. మా నాయిన పదేండ్లు వేళ్లు పగలగొట్టుకొని నేర్చుకుంటే దాన్ని రక్తం అన్నారు. సాధన అంటే దానికి కూలి ఇయ్యాలి, మర్యాద ఇయ్యాలి. రక్తం అంటే ఇయ్యనక్కర లేదు. కోడికి కూత వచ్చినట్టు, వానికి దరువు వచ్చింది. అంతే. పని దోచుకునేటోడు ముందు ఆ పనికి పేరు మారుస్తాడు. ఇప్పుడు మనల్ని మెచ్చుకునేవాళ్లలో కూడా కొందరు అదే మాట అంటారు. "మీ రక్తంలోనే లయ ఉంది" అని చప్పట్లు కొడతారు. తమ్ముడూ, ఆ చప్పట్లకు పొంగిపోకు. 1979లో మా క్లాసులో విన్న నవ్వు నాకు ఆ చప్పట్లలో వినబడుతుంది.

రెండో ప్రశ్న ఛందస్సు గురించి. అది ఎవరిది?

పుట్టుక అడిగితే మనది కాదనే చెప్పాలి. వేదానికి ఆరు అంగాలు. అందులో ఛందస్సు పాదాలని శిక్షాగ్రంథంలో చెప్పారు. రుగ్వేదం పురుషసూక్తంలో శూద్రుడు పుట్టింది కూడా పాదాల నుంచే. రెండూ పాదాలే. కానీ ఒక పాదం వినడానికి ఇంకో పాదానికి హక్కు లేదు. వేదం కావాలని విన్న శూద్రుడి చెవుల్లో కరిగించిన సీసం, లక్క పోయమని గౌతమ ధర్మసూత్రం శిక్ష రాసింది. మరి మనం? పురుషుడి ముఖంలో లేం, బాహువుల్లో లేం, తొడల్లో లేం, పాదాల్లో కూడా లేం. ఆ ఒంట్లోనే మనం లేం. పాదం అన్న మాట వినగానే మనలో కొందరికి ఒళ్లు మండుతుందంటే అది ఊరికే కాదు.

తర్వాత వచ్చిన లక్షణకారులు ఇంకా ముందుకు పోయారు. ప్రతి గణానికీ ఒక అధిదేవతను పెట్టారు, మంచి గణాలు కీడు గణాలు అన్నారు, అక్షరాలకు కూడా కులాలు కట్టారు. పక్కన తమిళంలో పాట్టియల్ గ్రంథాలు పద్యాలకే కులం కట్టాయి. వెణ్బా బ్రాహ్మణులది, ఆసిరియప్పా రాజులది, కలిప్పా వైశ్యులది, వంజిప్పా శూద్రులది. నాలుగు పద్యాలు, నాలుగు వర్ణాలు. లెక్క అక్కడికి సరిపోయింది. అయిదోవానికి పద్యం మిగల్లేదు.

ఇవన్నీ చదివి నేను కూడా ఒకప్పుడు ఈ తమ్ముడిలాగే అన్నాను. 1995లో 'చిక్కనవుతున్న పాట', 1996లో 'పదునెక్కిన పాట' వచ్చిన రోజులు. హాస్టల్ గదుల్లో తెల్లారేదాకా వాదనలు. పద్యం వాళ్లది, వచనం మనది, పాట మనది, తీసేయ్ గణాలు అనేవాణ్ణి. కాలేజీలో మాత్రం జీతం కోసం అదే పాఠం చెప్పేవాణ్ణి. పొద్దున చెప్పింది సాయంత్రం తిట్టడం నాకు రెండు నాలుకల బతుకు అనిపించేది.

ఒకరోజు క్లాసులో ఉదాహరణకు పాత పద్యం పాదం రాయబోయి ఆగిపోయాను. మన మాటలే ఎందుకు రాయకూడదు అనిపించింది. బోర్డు మీద 'ఊరు' అని రాశాను. గురువు, లఘువు. దాని కింద 'వాడ' అని రాశాను. గురువు, లఘువు. మూడేసి మాత్రలు. రెండింటి తూకం ఒకటే! 'దొర' అని రాశాను. రెండు లఘువులు, రెండు మాత్రలు. 'బాంచె' అని రాశాను. గురువు, లఘువు, మూడు మాత్రలు. దొరకంటే బాంచె బరువు ఎక్కువ. 'మాదిగ' అంటే భగణం, దాని అధిదేవత చంద్రుడు, మంచి గణమే. 'దండోరా' మూడూ గురువులే, మగణం. మగణానికి అధిదేవత భూమి. సెంటు భూమి లేనోడి దండోరాకు భూమి అధిదేవత! 'జాషువా' రగణం, దేవత అగ్ని, దాన్ని కీడు గణాల లెక్కలో వేశారు. పిల్లలు నవ్వారు. వెనక బల్ల మీద కూచునే ఒక పిల్ల మాత్రం నవ్వలేదు. ఆ పిల్లది వాడ. క్లాసు అయిపోయాక వచ్చి, "సార్, ఊరుకూ వాడకూ తేడా రాలేదేంది?" అని అడిగింది.

ఆ పిల్ల అడిగిందే అసలు సంగతి. తేడా ఎందుకు రాలేదంటే గొంతులో మాట పలికే సేపును మాత్రమే ఛందస్సు కొలుస్తుంది. పలికేవాడు ఎవడో దానికి తెలియదు. కులం ఆ కొలతలో లేదు. దేవతలనూ కులాలనూ మంచి చెడులనూ తర్వాత తెచ్చి అంటగట్టారు. గజంబద్ద ఒకటి, దాన్ని పట్టుకొని కూచున్న షావుకారు ఒకడు. షావుకారు మోసం చేశాడని గజంలో అంగుళాలు తగ్గవు. ఏది కొలతో, ఏది మోసమో విడదీసి చూడాలంటే మనకు కొలత రావాలి. రానివాడికి రెండూ ఒకటే ముద్దగా కనబడతాయి. అప్పుడు భయపడి మొక్కడమో, కోపమొచ్చి తన్నడమో తప్ప వేరే దారి ఉండదు.

అయినా తమ్ముడి ప్రశ్న పూర్తిగా తీరలేదని నాకు తెలుసు. కొలతలో కులం లేకపోవచ్చు. కానీ ఒకరు పెట్టిన కట్టుబాటులో మనం ఎందుకు నడవాలి? ఇన్ని అక్షరాలే ఉండాలి, ఇక్కడే గురువు పడాలి, ఇక్కడే యతి పడాలి. ఇది వెట్టి కాదా?

దీనికి జవాబు పుస్తకాల్లో దొరకలేదు. మా నాయిన చేతుల్లో దొరికింది.

1983లో దొర తల్లి చనిపోయింది. నేను డిగ్రీ మొదటి సంవత్సరం, సెలవులకు ఇంటికాడ ఉన్నాను. మా నాయినకు నాలుగు రోజుల నుంచి చలిజ్వరం. సుంకరి వచ్చి వాకిట్లో నిలబడి, "డప్పు తీస్కొని రమ్మంటున్నడు దొర" అన్నాడు. నేను అడ్డం పడ్డాను. "నువ్వు పోవద్దు. నేను కూడా కొట్ట" అన్నాను. మా నాయిన లేచి కూచుని అన్నాడు: "పోకపోతే రేపు కల్లం కాడ మేర ఎవడిస్తడు బిడ్డా? నీ కాలేజీ ఇస్తదా?" అవ్వ ఏం మాట్లాడలేదు. డప్పు తీసి ఆయన చేతికిచ్చింది.

నేను పోలేదు. ఇంట్లో కూచుని విన్నాను. పొద్దటి నుంచి పొద్దుగూకేదాకా. మధ్యలో దెబ్బ మందమైంది. అరుగు మీంచి ఎవరో కేకేశారట, "ఏంరా, సచ్చినోని లెక్క కొడుతున్నవ్?" అని. మళ్లీ దెబ్బ లేచింది. కాటికాడ మంట అంటుకొని, వాళ్లు చాలు అనేదాకా కొట్టాడు. చీకటిపడ్డాక వచ్చాడు. చేతులు వాచిపోయాయి. అవ్వ ఉప్పుకాపడం పెడుతుంటే గోడకు ఆనుకొని నాతో అన్నాడు: "దెబ్బ బరువుగాదు బిడ్డా. ఎప్పుడాపాల్నో నా చేతుల లేకపాయె, గదే బరువు."

ఆ రోజు నేను కొట్టనన్నాను, నా మర్యాద దక్కింది. దాని ధర మా నాయిన చేతులు కట్టాయి. ఇది కూడా రాయాలి. ఒంటిగా చేసే ధిక్కారానికి ఇంట్లో ఇంకెవరో కూలి కడతారు. 1985లో కారంచేడు జరిగాక మా జిల్లాలో కూడా గాలి మారింది. మహాడ్‌లో 1927లోనే అంబేడ్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానేయమన్నాడని, మర్యాద లేని పనులు వదిలెయ్యమన్నాడని మీటింగుల్లో విన్నాం. 1986లో మా వాడ పెద్దలు కూచుని, ఊరి చావులకు ఇకమీద డప్పు కొట్టేది లేదని తీర్మానం చేశారు. రెండు నెలలు పనులకు పిలవలేదు. ఆకలితో ఉన్నాం గానీ మాట తప్పలేదు. ఊరోళ్లు పట్నం నుంచి బ్యాండు మేళం తెప్పించుకున్నారు. ఈసారి నేనొక్కణ్ణి కాదు, వాడంతా. ధర కూడా వాడంతా కట్టింది.

డప్పు మా ఇంట్లో గూటానికి వేలాడింది. రాత్రి నిద్రలో మా నాయిన వేళ్లు మంచం పట్టె మీద ఆడేవి. వెట్టి పోయిందని సంతోషపడ్డ మనిషికి, వెట్టితో పాటే తన విద్య కూడా గూటానికి ఎక్కిందన్న దుఃఖం ఉండేది. ఆ రెండూ ఒక్క మనిషిలో ఉంటాయని మా మీటింగుల్లో ఎవరూ చెప్పలేదు. తమిళనాడులో పఱై గురించి కూడా ఇదే గొడవ నడిచింది. అవమానం కాబట్టి పారేయాలని కొందరు, మన కళ కాబట్టి తలకెత్తుకోవాలని కొందరు. ఇద్దరి మాటలోనూ న్యాయముంది.

1994లో ఈదుమూడిలో దండోరా పుట్టింది. మరుసటేడు మా వైపు ఊరేగింపు పెట్టారు. పిల్లలు వచ్చి మా నాయినను డప్పు కొట్టమన్నారు. తొమ్మిదేండ్లయింది ముట్టక. "కూలెంత?" అని అడిగాడు, అలవాటుగా. పిల్లలు తలలు వంచుకొని, "కూలి లేదు తాతా" అన్నారు. మా నాయిన ఒక నిమిషం ఆగి, "అయితే ఆపుడు నా ఇష్టమన్నట్టు" అన్నాడు. గడ్డిమంట కాడ డప్పు కాపాడు. పొద్దుగూకేదాకా కొట్టాడు. మధ్యలో రెండుసార్లు కావాలని ఆపి, బీడీ ముట్టించి, పిల్లలు చూస్తుంటే నవ్వి, మళ్లీ ఎత్తుకున్నాడు. అదే డప్పు, అవే చేతులు, దరువు కూడా దాదాపు అదే. అయినా 1983లో విన్నదీ ఇదీ ఒకటి కాదు.

నాకు యతి అర్థమైంది ఆ రోజే. సంస్కృతంలో యతి అంటే విరామం, పాదంలో ఊపిరి తీసుకునే చోటు. తెలుగులో అది ఆగే చోటుగా కాకుండా, మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన చోటుగా మారింది. ఉత్పలమాలకు పదో అక్షరం కాడ. ఎక్కడ ఆగాలో, ఎక్కడ కలవాలో ముందే ఖరారైన కట్టుబాటు అది. దాన్ని కవి తనకు తాను ఒప్పుకుంటే అది వ్రతం. ఇంకొకడు మెడ మీద పెడితే అది వెట్టి. బయట నుంచి చూస్తే రెండూ ఒకే తీరుగా ఉంటాయి. లోపల ఒక్కటే తేడా. కాదని లేచిపోయే హక్కు ఉందా, లేదా?

ఈ కొలతతో జాషువాను చూడండి. 1895లో వినుకొండలో పుట్టాడు. ఉభయభాషా ప్రవీణ పాసయ్యాడు. 1941లో 'గబ్బిలం' రాశాడు. కాళిదాసు మేఘుడితో పంపిన సందేశాన్ని గబ్బిలంతో పంపాడు, ఎందుకంటే గుడిలోకి పోలేని మనిషి మాటను గుడిలో వేలాడే గబ్బిలమే మోయగలదు. రాసింది పద్యాల్లో. ఆయనను ఎవరూ పద్యం రాయమని వెట్టికి పిలవలేదు. రాయొద్దనే అన్నారు. వద్దన్న చోటికి పోయి, వాళ్ల కట్టుబాటును వాళ్లకంటే బాగా పాటించి, దాంతోనే వాళ్లను నిలదీశాడు. దాన్ని బానిసత్వం అనడం అన్యాయం.

కానీ ఇక్కడ ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో కవిగా నిలబడాలంటే జాషువాకు పద్యం గట్టి తలుపు. గురజాడ 1910లోనే ముత్యాల సరాలు తెచ్చాడు, పఠాభి 1939లో పద్యాన్ని ఎగతాళి చేస్తూ 'ఫిడేలు రాగాల డజన్' వేశాడు. కులమున్నవాడు పద్యాన్ని వదిలేస్తే ప్రయోగం అన్నారు. కులం లేనివాడు వదిలేస్తే రాదు కాబట్టి వదిలేశాడు అని ఉండేవాళ్లు. కాబట్టి జాషువా స్వేచ్ఛ కూడా పూర్తి స్వేచ్ఛ కాదు. పద్యం వస్తుందని రుజువు చేసుకుంటే తప్ప మనిషిగా లెక్కలోకి రాని కాలం అది. ఇప్పుడా ఒత్తిడి లేదు. పాటకు గౌరవం వచ్చింది. గోరటి వెంకన్నకు 'వల్లంకి తాళం' మీద 2021 సాహిత్య అకాడెమీ అవార్డు ఇచ్చారు. ఇవాళ మన పిల్లవాడు గణాలు నేర్చుకున్నా, వదిలేసినా అతని ఇష్టం. జాషువాకు లేని ఆ వీలు మనకుంది.

మరి వదిలేయొచ్చు గదా, ఎందుకు నేర్పినట్టు? తమ్ముడూ, రానివాడు వదిలేస్తే దాన్ని వదిలేయడం అనరు. డప్పు వచ్చిన మా నాయిన తొమ్మిదేండ్లు డప్పు ముట్టకపోతే అది సమ్మె. డప్పు రాని నేను ముట్టకపోతే అది సమ్మె కాదు. వచ్చినవాడి మౌనానికే బరువుంటుంది.

ఇంకో కారణం కూడా ఉంది. శాస్త్రం ఎంత దూరం పోయిందో చూడండి. పాదానికి ఒక అక్షరం ఉన్న ఉక్త నుంచి 26 అక్షరాల ఉత్కృతి దాకా 26 ఛందాలకు పేర్లు పెట్టారు. ప్రస్తారం వేసి, 26 అక్షరాల పాదంలోనే 6,71,08,864 రకాల వృత్తాలు పుట్టొచ్చని లెక్క తేల్చారు. గొప్ప లెక్క, నేను తీసిపారెయ్యను. కానీ రోజూ చెవిన పడే డప్పు దరువును ఆ శాస్త్రంలో ఒక గీత గీసి రాసుకున్నవాడు నాకు కనబడలేదు. పుట్టని పద్యాలను కూడా లెక్కపెట్టారు, కళ్ల ముందర కొడుతున్న మనిషిని లెక్కపెట్టలేదు. ఆ లెక్క ఇప్పుడు మనం రాసుకోవాలి. మా అవ్వ పాడిన నాటుపాట మూడేసి మాత్రల నడక అని, ఫలానా దరువు నాలుగు మీద పోయి ఏడు మీదకు తిరుగుతుందని చెప్పాలంటే మాత్ర అంటే ఏమిటో తెలియాలి. కొలత వాళ్ల ఇంట్లో దొరికిందని సిగ్గుపడను. కొలిచేది మా ఇంటి ధాన్యం.

చివరకు ఒక సంగతి చెప్పి ముగిస్తాను. అది చెప్పకపోతే ఇదంతా నా గొప్ప చెప్పుకున్నట్టే అవుతుంది.

మా నాయిన 2011లో పోయాడు. మా పెదనాయిన కొడుకులు నలుగురు డప్పులు తెచ్చారు. ఊరోళ్ల చావులకు కొట్టడం మానినా మనోళ్ల చావులకు మానలేదు. వాకిట్లో గడ్డిమంట వేశారు. గూటానికున్న మా నాయిన డప్పును కూడా దించి కాపారు. మధ్యాహ్నం దాకా కొట్టారు. ఎండ బాగా ఉంది. నేను బంధువులతో కుర్చీలో కూచుని ఉన్నాను. మా పెద్దన్న, అరవై దాటిన మనిషి, డప్పు భుజాన వేసుకొని నా ముందుకు వచ్చి, కొంచెం వంగి, "సారూ, ఆపమంటవా?" అని అడిగాడు.

తమ్మీ అని పిలిచే మనిషి సారూ అన్నాడు. నేను కుర్చీలో ఉన్నాను, ఆయన ఎండలో ఉన్నాడు. ఎప్పుడు ఆపాలో నన్ను అడుగుతున్నాడు. ఒక్క క్షణం నాకు 1983 నాటి అరుగు గుర్తొచ్చింది. ఆ అరుగు మీద ఇప్పుడు నేను కూచున్నాను. చదువు నాకు కొలత ఇచ్చింది, జీతం ఇచ్చింది, కుర్చీ ఇచ్చింది. దాంతో పాటు నాకు తెలియకుండానే నా అన్న చేతిలో ఉండాల్సిన ఆపును తెచ్చి నా చేతిలో పెట్టింది.

నేను లేచాను. "నన్నడుగుతవేందే అన్నా. నీ ఇష్టం. నీకు ఆపబుద్ధైనప్పుడు ఆపు" అన్నాను. ఆయన కొంచెంసేపు నా ముఖం చూసి, వెనక్కి తిరిగిపోయి మళ్లీ ఎత్తుకున్నాడు. ఎండలోనే చాలాసేపు కొట్టాడు. నేను మళ్లీ కుర్చీలో కూచోలేదు.

తమ్ముడూ, గణాలు నేర్పినందుకు నేను తప్పు చేశానని అనుకోవడం లేదు. నేర్చుకున్న తర్వాత కుర్చీలో కూచోవడం గురించి మాత్రం నన్ను ఎప్పుడైనా నిలెయ్. ఆ ప్రశ్న అడగాల్సిందే.